సాఫ్ట్‌వేర్ కొలువు: నల్లగొండ, పాలమూరు పిల్లలు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది మిర్యాలగూడ దగ్గర ఒక ఊరు. హైదరాబాద్‌లో బ్యాకెండ్ డెవలపర్‌గా పనిచేస్తున్నాను. మా టీమ్‌లోకి ఫ్రెషర్లను తీసుకునేటప్పుడు ఇంటర్వ్యూలు కూడా చేస్తుంటాను. ఊరికి పోయినా, పెండ్లికి పోయినా, ఫోన్ ఎత్తినా అవే ప్రశ్నలు వస్తుంటాయి. పిల్లల భవిష్యత్తు, తల్లిదండ్రుల అప్పులు ముడిపడ్డ విషయం కాబట్టి తొందరలో సగం సగం చెప్పడం ఇష్టం లేక ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఇవి నా అభిప్రాయాలు. వేరే టీముల పద్ధతి వేరేగా ఉండొచ్చు.

అన్నా, జావా నేర్చుకోవాల్నా, పైథాన్ నేర్చుకోవాల్నా? ఏది నేర్చుకుంటే జాబ్ వస్తది?

రెండింట్లో ఏదైనా సరే, కానీ ఒక్కటే పట్టుకోండి. జావా 1995లో వచ్చింది. బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీల పాత సిస్టమ్‌లు చాలావరకు దాని మీదే నడుస్తున్నాయి కాబట్టి హైదరాబాద్‌లో జావా పనికి కొదవ లేదు. కొత్తది అని అందరూ అనుకునే పైథాన్ 1991లోనే వచ్చింది, అంటే జావా కంటే పెద్దది. డేటా పని, ఆటోమేషన్, ఏఐ అంతా దానితోనే ఎక్కువ జరుగుతుంది. కాలేజీలో జావా చెప్తుంటే జావాతోనే పోండి. ఎవరూ ఏమీ చెప్పట్లేదంటే పైథాన్‌తో మొదలుపెట్టండి. ఇంతకంటే ఎక్కువ ఆలోచించాల్సిన ప్రశ్న కాదిది.

ఆలోచించాల్సింది లోతు గురించి. జావా వచ్చని రాసినవాళ్ళను నేను అడిగే ప్రశ్న ఒకటుంది: రెండు స్ట్రింగులను రెండు ఈక్వల్ గుర్తులు పెట్టి పోలిస్తే, లోపలి అక్షరాలు ఒకటే అయినా ఒక్కోసారి ట్రూ, ఒక్కోసారి ఫాల్స్ ఎందుకు వస్తుంది? పైథాన్ వాళ్ళనైతే, ఒక లిస్ట్‌కు ఇంకో పేరు పెట్టి ఆ రెండో పేరుతో మారిస్తే మొదటిది కూడా ఎందుకు మారిందని అడుగుతాను. నిజానికి ఇవి రెండూ ఒకటే ప్రశ్న. పేరు వేరు, మెమరీలో ఉన్న వస్తువు వేరు అని తెలిసినవాళ్ళు రెండింటికీ జవాబు చెప్తారు. ఒక భాషలో ఈ సంగతి పట్టుబడినవాళ్ళకు రెండో భాష నేర్చుకోవడం కొన్ని వారాల పని. తొమ్మిది భాషల పేర్లు రాసి ఈ ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయిన రెజ్యూమెలు ఎన్నో చూశాను.

మా కాలేజీల ఇంకా టర్బో సి మీదనే ల్యాబ్ చేపిస్తున్నరు. ఏం జెయ్యాలె?

ల్యాబ్ రికార్డు కోసం, ఎక్స్‌టర్నల్ కోసం చేయండి, మార్కులు పోగొట్టుకోవద్దు. ఇంటికి వచ్చాక మాత్రం జీసీసీ అనే ఉచిత కంపైలర్ వాడండి. బోర్లాండ్ కంపెనీ టర్బో సిని 1987లో తెచ్చింది, అదీ పాత డాస్ ఆపరేటింగ్ సిస్టమ్ కోసం. సి ప్లస్ ప్లస్‌కు మొదటి అంతర్జాతీయ ప్రమాణం 1998లో వచ్చింది. అంటే మీ ల్యాబ్‌లో ఆ నీలం స్క్రీన్ మీద రాస్తున్న సి ప్లస్ ప్లస్ ఆ ప్రమాణం పుట్టకముందుది. బయట దాన్ని అదే రూపంలో పెడితే కంపైల్ కాదు.

ఈ తేడాను మీ కళ్ళతో మీరే చూడొచ్చు. ఇంట్ అని ఒక వేరియబుల్ పెట్టి అందులో 40000 వేసి ప్రింట్ చేయండి. టర్బో సిలో -25536 వస్తుంది, జీసీసీలో 40000 వస్తుంది. టర్బో సిలో ఇంట్‌కు 16 బిట్లే ఉంటాయి కాబట్టి అందులో పట్టే పెద్ద సంఖ్య 32767. అది దాటితే లెక్క మైనస్ వైపు తిరుగుతుంది: 40000లోంచి 65536 తీసేయండి, సరిగ్గా అదే వస్తుంది. ఇది ఇంటర్వ్యూలో వివరించిన ఒక నకిరేకల్ అమ్మాయి నాకు ఇంకా గుర్తుంది. తన కాలేజీలో దొరికిన పాత సాఫ్ట్‌వేర్‌తోనే మెషిన్ లోపల ఏం జరుగుతుందో అర్థం చేసుకుంది.

మంచి ప్రాజెక్ట్ ఏం జెయ్యాలె అన్నా? అందరం లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమే పెడుతున్నం.

పైసలిచ్చి కొన్న ప్రాజెక్టు ఇంటర్వ్యూలో ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. మీ ఊర్లో జరిగే ఒక పనిని తీసుకోండి. నాకు బాగా నచ్చేది పాల కేంద్రం. పొద్దునా సాయంత్రం రైతులు పాలు పోస్తారు, మెషిన్ ఫ్యాట్ ఎంతో చూపిస్తుంది, ఫ్యాట్‌ను బట్టి లీటరు ధర ఉంటుంది, పదిహేను రోజులకోసారి బిల్లు వస్తుంది. చిన్న పనిలాగే కనిపిస్తుంది. చేయడం మొదలుపెడితే అసలు కంప్యూటర్ సైన్స్ అంతా అందులో ఉందని తెలుస్తుంది.

మొదటిది పైసల లెక్క. కంప్యూటర్‌లో ఫ్లోటింగ్ పాయింట్‌తో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. చాలా దశాంశాలను బైనరీలో కచ్చితంగా పట్టడం కుదరదు కాబట్టి ఇలా అవుతుంది. పైసల లెక్క ఫ్లోట్‌లో పెట్టకూడదన్నది అందుకే. రూపాయలను పైసలుగా, లీటర్లను మిల్లీలీటర్లుగా మార్చి పూర్ణాంకాల్లో దాచుకోండి. ఇది మీరు పాల కేంద్రంలో నేర్చుకుంటే రేపు బ్యాంకు ప్రాజెక్టులోనూ పనికొస్తుంది.

రెండోది ధర మారడం. పదిహేను రోజుల మధ్యలో, అంటే ఎనిమిదో తారీఖున రేటు పెంచారనుకోండి. మీ ప్రోగ్రామ్ బిల్లు తీసేటప్పుడు ఈ రోజు రేటు చూసి మొత్తం లెక్క కడితే, ఒకటో తారీఖు పాలకు కూడా కొత్త రేటు పడుతుంది. అందుకని పాలు పోసిన ఆ పూటే ఆనాటి రేటును కూడా ఆ ఎంట్రీతో పాటు దాచాలి. ఈ ఒక్క విషయం తనంత తాను కనిపెట్టిన పిల్లవాడికి నేను కళ్ళు మూసుకుని ఉద్యోగం ఇస్తాను. పెద్ద పెద్ద బిల్లింగ్ సిస్టమ్‌లలో వచ్చే గొడవలు సరిగ్గా ఇక్కడే వస్తాయి.

మూడోది తెలుగు పేర్లు. రైతుల పేర్లు, ఊర్ల పేర్లు తెలుగులోనే పెట్టి చూడండి. ‘నల్లగొండ’ అని రాస్తే మన కంటికి నాలుగు అక్షరాలు. పైథాన్‌ను పొడవు అడిగితే 8 అంటుంది, ఎందుకంటే ఒత్తు, గుణింతం, సున్న అన్నీ యూనికోడ్‌లో విడివిడి కోడ్లు. గో భాషను అడిగితే 24 అంటుంది, అది యూటీఎఫ్-8 బైట్లు లెక్కపెడుతుంది, ఒక్కో తెలుగు కోడ్‌కు మూడు బైట్లు. ఒరాకిల్ డేటాబేస్‌లో ఊరి పేరు కాలమ్‌కు 20 అని పెడితే డిఫాల్ట్‌గా అది బైట్ల లెక్క కాబట్టి మన జిల్లా పేరే అందులో పట్టదు. ఇంగ్లిష్ పేర్లతో మాత్రమే టెస్ట్ చేసినవాళ్ళకు ఈ సంగతి ఎప్పటికీ తెలియదు. మన భాషలో పనిచేసే సాఫ్ట్‌వేర్ మనం రాయకపోతే ఎవరు రాస్తారు?

కరెంటు పోతే సగంలో ఆగిన ఎంట్రీ ఏమవుతుంది, ఆవు పాలకూ బర్రె పాలకూ వేరే చార్ట్ ఎక్కడ పెట్టాలి, ఇలా ఇంకా ఉన్నాయి. ఒక్కసారి నిజంగా పాల కేంద్రానికి పోయి, అక్కడ లెక్క రాసే మనిషి పక్కన ఒక పూట కూర్చోండి. ఏ యూట్యూబ్ వీడియోలోనూ అంత సమాచారం దొరకదు. బత్తాయి మార్కెట్ తూకాలైనా, మీ నాన్న నడిపే ఎరువుల దుకాణం ఉద్దెర ఖాతా అయినా ఫర్వాలేదు.

డేటాబేస్ ఎంత రావాలె?

చాలా రావాలి. ఫ్రెషర్లు అన్నిటికంటే తక్కువగా చూసే విషయం ఇదే, ఉద్యోగంలో చేరిన వారానికి అన్నిటికంటే ఎక్కువగా కావాల్సిందీ ఇదే. డేటాను టేబుళ్ళలో పెట్టే రిలేషనల్ మోడల్ మీద ఎడ్గర్ కాడ్ పేపర్ 1970లో వచ్చింది. అప్పటి నుంచి ఎన్నో భాషలు వచ్చి పోయాయి, ఆ మోడల్ మీద వచ్చిన ఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ భాష మాత్రం అట్లాగే ఉంది. జాయిన్, గ్రూప్ బై, ఇండెక్స్, ట్రాన్సాక్షన్, ఈ నాలుగూ చేతితో రాసి చూపించగలగాలి. ఇండెక్స్ అంటే ఏంటో నిర్వచనం అప్పజెప్పడం చాలదు. లక్ష వరుసల టేబుల్ చేసి, ఇండెక్స్ లేకుండా ఒకసారి, పెట్టి ఒకసారి వెతికి టైమ్ చూసుకోండి.

డీఎస్ఏ లేకుంటే జాబ్ రాదంటున్నరు. నిజమేనా?

కొంత నిజం. డీఎస్ఏ అంటే డేటా స్ట్రక్చర్స్, అల్గోరిథమ్స్. పెద్ద ప్రొడక్ట్ కంపెనీలకు పోవాలంటే లీట్‌కోడ్ లాంటి ప్రాక్టీస్ సైట్లలో గట్టిగా సాధన చేయాల్సిందే. మిగతా చోట్ల అంత లోతు అడగరు. నా వరకు నేను చూసేది ఒకటి: లూప్ లోపల లూప్ పెడితే ఏమవుతుందో తెలుసా లేదా. లక్ష మంది పేర్లలో ఒకే పేరు రెండుసార్లు ఉందా అని ప్రతి ఒక్కరినీ ప్రతి ఒక్కరితో పోలిస్తే వెయ్యి కోట్ల పోలికలు అవుతాయి. చూసిన పేరునల్లా ఒక హ్యాష్ సెట్‌లో (ఒక పేరు ఉందో లేదో వెంటనే చెప్పే సంచి లాంటిది) వేసుకుంటూ పోతే లక్ష అడుగుల్లో అయిపోతుంది. ఈ లెక్క నోటితో చెప్పగలిగితే చాలు. రెడ్ బ్లాక్ ట్రీ బోర్డు మీద వేయమని నేను ఎవరినీ అడగను, అడగడం న్యాయం కూడా కాదనుకుంటాను.

ఇంటర్వ్యూల మీరు అసలు ఏం చూస్తరు?

మీ ప్రాజెక్టులో ఒక ఫైల్ తెరవమంటాను. స్క్రీన్ మీద ఏదో ఒక వరుస చూపించి, ఇది తీసేస్తే ఏమవుతుంది అని అడుగుతాను. అంతే. రాసినవాళ్ళు వెంటనే చెప్తారు, లేదా ‘తీసి చూద్దాం సార్’ అంటారు. ఈ రెండో జవాబు నాకు ఇంకా ఇష్టం. కొన్నవాళ్ళు, కాపీ కొట్టినవాళ్ళు స్క్రోల్ చేస్తూ ఉండిపోతారు.

తర్వాత చిన్న తప్పున్న ప్రోగ్రామ్ ఒకటి ఇచ్చి నడపమంటాను. ఎర్రర్ వస్తుంది. అప్పుడు వాళ్ళ కళ్ళు ఎక్కడికి పోతాయో చూస్తాను. చాలామంది ఎర్రర్ మెసేజ్ చదవకుండానే కోడ్‌లో ఏదో మార్చడం మొదలుపెడతారు. ఫైల్ పేరు, వరుస నంబరు అందులోనే రాసి ఉంటాయి. ఆ మెసేజ్‌ను మెల్లగా, పైకి చదివి, ‘ఇరవై మూడో లైన్‌లో నల్ వచ్చింది, ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తా’ అన్నవాళ్ళ మీద నాకు నమ్మకం కుదురుతుంది. రోజూ మేం చేసే పని అదే మరి.

తెలియనిది తెలియదు అని చెప్పండి. దానికి మార్కులు తీసేసే ఇంటర్వ్యూయర్ దగ్గర పనిచేయకపోవడమే మేలు.

నాది తెలుగు మీడియం. ఇంగ్లిష్ల మాట్లాడాలంటే గుండె దడ దడ అంటది.

ఈ ప్రశ్న అడిగిన ప్రతి ఒక్కరికీ నేను ఓపిగ్గా జవాబు చెప్తాను, ఎందుకంటే మన దిక్కు తెలివైన పిల్లలు ఎక్కువగా ఆగిపోతున్నది ఇక్కడే. ఇంటర్వ్యూకు కావాల్సింది సాహిత్యపు ఇంగ్లిష్ కాదు. చిన్న వాక్యాలు చాలు: ఈ ఫంక్షన్ ఏం తీసుకుంటుంది, ఏం చేస్తుంది, ఏం తిరిగిస్తుంది. మీ ప్రాజెక్టును ముందు మీ ఫ్రెండ్‌కు తెలుగులో చెప్పండి. తెలుగులో తడబడ్డారంటే విషయం ఇంకా తెలియలేదని అర్థం, ఇంగ్లిష్‌ను అనొద్దు. తెలుగులో గడగడా చెప్పగలిగాక అదే ఇంగ్లిష్‌లో ఫోన్‌లో రికార్డ్ చేసుకుని వినండి. రోజూ గిట్ (కోడ్ మార్పులను దాచిపెట్టే టూల్) కమిట్ మెసేజ్‌లు ఇంగ్లిష్‌లో ఒక్కో వాక్యం రాయండి. రాత ఇంగ్లిష్ బాగుంటే ఉద్యోగంలో సగం పని నడుస్తుంది, మెయిళ్ళు, టికెట్లు అన్నీ రాతే.

ల్యాప్‌టాప్ లేదన్నా.

కొత్తదానికి అప్పు చేయొద్దు. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ మీద లినక్స్ వేసుకుంటే నేర్చుకోవడానికి సరిపోతుంది. అది కూడా కుదరకపోతే ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ అనే యాప్ వేసి పైథాన్, గిట్ నడపొచ్చు. కష్టమే, కానీ మొదలుపెట్టడానికి దారి ఉంది.

అమీర్‌పేటల ఒకాయన రెండు లక్షలకు మూడేండ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టి జాబ్ ఇప్పిస్త అంటున్నడు. పోవాల్నా?

పోవద్దు. ఇందులో నాకు రెండో మాట లేదు.

అమీర్‌పేట అంటే నాకు కోపం లేదు. మైత్రీవనం చుట్టుపక్కల మంచి పాఠం చెప్పే సార్లు ఉన్నారు, తక్కువ ఫీజుకు ఎంతోమంది అక్కడ నేర్చుకుని బతుకుతున్నారు. కోర్సుకు డబ్బు కట్టడం వేరు, ఉద్యోగానికి డబ్బు కట్టడం వేరు. దొంగ ఎక్స్‌పీరియన్స్ పెడితే ఏమవుతుందో చెప్తాను. చేరాక బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ జరుగుతుంది. పీఎఫ్‌లో మనిషికి ఒకటే యూనివర్సల్ అకౌంట్ నంబరు (యూఏఎన్) ఉంటుంది, సర్వీస్ హిస్టరీలో ఏ కంపెనీలో ఎప్పటి నుంచి ఎప్పటి దాకా ఉన్నారో కనిపిస్తుంది. శాలరీ స్లిప్పులు ఎంత బాగా ప్రింట్ చేసినా బ్యాంకు స్టేట్‌మెంట్‌లో జీతం పడలేదంటే దొరికిపోతారు. ఇంటర్వ్యూ ఇంకొకరితో ఇప్పిస్తే, చేరిన రోజే మీ గొంతు వేరని టీమ్‌కు తెలుస్తుంది. ఉద్యోగం పోవడంతో ఆగదు, ఆ కంపెనీ మళ్ళీ ఎప్పటికీ తీసుకోదు. వెరిఫికేషన్‌లో దొరకకపోయినా, మూడేళ్ళ అనుభవం ఉన్నవాడికి ఇచ్చే పని మొదటి సోమవారమే మీ ముందుకొస్తుంది. రాత్రుళ్ళు ఏడుస్తూ ఫోన్ చేసిన పిల్లలతో మాట్లాడాను. పొలం అమ్మి కట్టిన పైసలవి.

రిజిస్ట్రేషన్ ఫీజు, ల్యాప్‌టాప్ డిపాజిట్, ట్రైనింగ్ డిపాజిట్ అని ఆఫర్ లెటర్ పంపి అడిగేవాళ్ళదీ అదే దారి. ఆన్‌లైన్‌లో డబ్బు పంపి మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఉంటుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ కంపెనీకీ అప్పజెప్పకండి. చూపించి వెనక్కి తీసుకోండి.

ఏఐ వచ్చినంక ఫ్రెషర్లను తీసుకుంటరా ఇగ?

తీసుకుంటున్నారు, కానీ మునుపటిలా గుంపులుగా కాదు. చాట్‌జీపీటీ 2022 నవంబరులో వచ్చింది. అప్పటి నుంచి మా పనిలో చాలా మారింది. ఇదివరకు కొత్తవాళ్ళకు ఇచ్చే చిన్న చిన్న ఫారాలు, టెస్టులు ఇప్పుడు ఏఐ టూల్ నిమిషాల్లో రాసిస్తోంది. అందుకని ‘కోడ్ రాయగలను’ అన్నది ఒక్కటే అర్హతగా మిగల్లేదు. వచ్చిన కోడ్ సరైనదో కాదో చెప్పగలిగినవాళ్ళు కావాలి.

పాల కేంద్రం బిల్లు రాయమని ఏఐని అడిగి చూడండి. చక్కటి కోడ్ ఇస్తుంది. రేటు మధ్యలో మారుతుందని మీరు చెప్పకపోతే చాలాసార్లు ఈ రోజు రేటుతోనే మొత్తం లెక్క కడుతుంది. ఆ తప్పు పట్టాలంటే పాల కేంద్రం సంగతి మీకు తెలియాలి. నేర్చుకునే దశలో ఉన్నవాళ్ళకు నా సలహా: ముందు మీరే రాయండి, తర్వాత అడగండి. అది ఇచ్చినదాంట్లో మీకు వివరించడం రాని వరుస ఒక్కటి కూడా ఉంచుకోకండి. అర్థం కాకపోతే ఆ వరుస ఎందుకు పెట్టావని దాన్నే అడగండి, ఓపిగ్గా చెప్తుంది.

మా బాబుకు సీఎస్ఈ రాలేదు సార్, సివిల్ వచ్చింది. మేనేజ్‌మెంట్ సీటు కొనాల్నా?

అప్పు చేసి కొనకండమ్మా. సివిల్, మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో బాగా పనిచేస్తున్నవాళ్ళు మా ఆఫీసులోనే ఉన్నారు. చాలా సర్వీస్ కంపెనీలు ఏ బ్రాంచ్ వాళ్ళనైనా పరీక్షకు రానిస్తాయి. సీటుకు పెట్టే డబ్బులో చిన్న వంతుతో మంచి ల్యాప్‌టాప్, ఇంటర్నెట్ వస్తాయి. బ్యాక్‌లాగ్‌లు పడకుండా చూసుకొమ్మని చెప్పండి, అరవై శాతం పైన ఉండాలని అడిగే కంపెనీలు ఎక్కువ.

పాలమూరు యూనివర్సిటీ కింద బీఎస్సీ కంప్యూటర్స్ చేస్తున్న. బీటెక్ లేకుంటే కష్టమా?

మొదటి గుమ్మం కొంచెం ఎత్తు, అంతే. విప్రోలో వర్క్ ఇంటిగ్రేటెడ్ లెర్నింగ్ ప్రోగ్రామ్ అని బీసీఏ, బీఎస్సీ వాళ్ళ కోసమే ఉంది, పనిచేస్తూ ఎంటెక్ చదివిస్తారు. ఇలాంటి వాటి నోటిఫికేషన్లు చివరి సంవత్సరంలో చూస్తూ ఉండండి. రెండేళ్ళు పనిచేశాక డిగ్రీ ఏదని అడిగేవాళ్ళు తక్కువ.

ఎంఎస్‌కు అమెరికా పోతే సెటిల్ అవుతమా?

చదువు మీద ఇష్టంతో పోతే పొండి. అప్పు తీర్చే దారి అనుకుని పోతుంటే మాత్రం కాగితం మీద లెక్క వేసుకోండి. బయట నూటికి రెండు రూపాయల మిత్తికి పది లక్షలు తెస్తే నెలకు ఇరవై వేలు మిత్తే. రెండేళ్ళ చదువు అయ్యేసరికి అసలు కదలకుండా 4 లక్షల 80 వేలు మిత్తి అవుతుంది. చదువయ్యాక అక్కడ పనిచేయనిచ్చే ఓపీటీ 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) వాళ్ళకు ఇంకో 24 నెలలు. ఆ మూడేళ్ళలో హెచ్1బి వర్క్ వీసా లాటరీ తగలాలి, ఏడాదికి ఉన్నవి 85 వేలు, అందులో 20 వేలు అక్కడ పీజీ చేసినవాళ్ళకు. దీనికి తోడు 2025 సెప్టెంబరులో, ఆ దేశం బయట ఉన్నవాళ్ళ కోసం వేసే కొత్త పిటిషన్ల మీద లక్ష డాలర్ల ఫీజు ప్రకటించారు. ఇక్కడ రెండేళ్ళు పనిచేసి, సొంత పైసలు కొన్ని కూడబెట్టుకుని పోవడం నా దృష్టిలో మంచిది.

ఇంట్ల హైదరాబాద్ పంపుతలేరు. నల్లగొండల ఉండి జాబ్ చెయ్యలేనా అన్నా?

ఎక్కువగా చెల్లెళ్ళు అడిగే ప్రశ్న. 2023లో నల్లగొండలోనూ, మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలోనూ ఐటీ టవర్లు తెరిచారు. అక్కడి కంపెనీల్లో ఖాళీలు కనుక్కోండి. రిమోట్ ఉద్యోగాలు కూడా ఉన్నాయి, కానీ ఫ్రెషర్లకు తక్కువ ఇస్తారు. నా మనసులో మాట చెప్పాలంటే, మొదటి రెండేళ్ళు మీకంటే బాగా తెలిసిన మనిషి పక్క కుర్చీలో ఉండాలి. ఆ మనిషి నల్లగొండలో దొరికితే నల్లగొండే, దొరకకపోతే హైదరాబాద్ రావాలి. ఇంట్లో ఒప్పించడానికి హాస్టల్ చూపించండి, ఆఫీసు చూపించండి. ఒకసారి అమ్మనూ నాన్ననూ బస్సెక్కించి తీసుకురండి, రెండు మూడు గంటల దారే కదా. ఆడపిల్ల అని ఆపిన ఉద్యోగాలు మన జిల్లాల్లో ఇప్పటికే చాలా ఎక్కువయ్యాయి.

గ్రూప్స్‌కు ప్రిపేరై నాలుగేండ్లు పోయినయ్. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌కు రావొచ్చా?

రావొచ్చు. అశోక్‌నగర్ గదుల్లో, చిక్కడపల్లి లైబ్రరీలో రోజుకు పన్నెండు గంటలు కూర్చున్న అలవాటు మీకు ఉంది, అది చాలామంది ఫ్రెషర్లకు లేదు. గ్యాప్‌ను దాచకండి, దొంగ ఎక్స్‌పీరియన్స్‌తో నింపకండి. రెజ్యూమెలో ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా పోటీ పరీక్షలకు చదివారో ఒక వరుసలో రాసి, దాని పైన గత ఆరు నెలల్లో చేసిన ప్రాజెక్టు పెట్టండి. అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి.

మీరు కాలేజీలో చదివింది జావా 8 అయి ఉంటుంది, అది 2014ది. జావా 17 గానీ, 2023లో వచ్చిన 21 గానీ వేసుకుని మొదలుపెట్టండి. మొదటి నెల భాష, ఎస్‌క్యూఎల్. రెండో నెల నుంచి స్ప్రింగ్ బూట్ అనే జావా ఫ్రేమ్‌వర్క్‌తో ఒక ప్రాజెక్టు, మొదటి రోజు నుంచే గిట్‌లో. వయసు 27, 28 దాటిందని కొన్ని క్యాంపస్ డ్రైవ్‌లు రానివ్వవు, వాటి మీద సమయం పెట్టకండి. చిన్న కంపెనీలకు, స్టార్టప్‌లకు నేరుగా రాయండి. మెయిల్‌లో జీవిత కథ వద్దు, నాలుగు వాక్యాలు, ప్రాజెక్టు లింకు, ఫోన్ నంబరు. జవాబు రాకపోతే పది రోజులకు ఇంకొక్కసారి రాయండి.